పైన్ మొక్క కంటే ముందు నేలను చూడు

చిరంజీవికి దీవెనలు.

తీరం వెంబడి పైన్ అడవి పెంచే పని నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. ఏ మొక్కలు తెప్పించాలి, ఎంతెంత ఎడంగా నాటాలి అని అడిగావు. వాటికంటే ముందు ఇంకో పని ఉంది. నాటబోయే చోట నాలుగైదు గోతులు తవ్వించి, నీళ్ళు ఎంత లోతులో ఊరుతున్నాయో చూడు. వానలు బాగా పడ్డాక చూడాలి సుమా! ఎండాకాలంలో కనబడే మట్టాన్ని నమ్మకు.

పైన్‌కు తల్లివేరు నిటారుగా దిగే గుణం ఉంది. కానీ నీళ్ళు నిలిచిన మట్టిలో గాలి ఆడదు, అక్కడ వేరు బతకదు. తల్లివేరు ఆ మట్టం దగ్గరే ఆగిపోతుంది, మిగతా వేర్లు పక్కలకు పాకుతాయి. పైకి చెట్టు ఏపుగానే ఉంటుంది, కింద మాత్రం పళ్ళెంలా పల్చటి వేళ్ళ చుట్ట. జపాన్‌లో 2011 మార్చి 11న సునామీ వచ్చినప్పుడు, సెండాయ్ తీరంలో నేల కింది నీటిమట్టం పైపైనే ఉన్న చోట్ల నల్ల పైన్ చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. అక్కడి రికుజెన్‌తకాతా అనే తీరపు ఊళ్ళో దాదాపు 70,000 చెట్లకు ఒక్కటే నిలబడింది. అదీ ఉప్పునీటికి వేర్లు కుళ్ళి 2012లో చచ్చిపోయింది. చెట్టు కూలకపోయినా ఉప్పు వదలదని అప్పుడే అర్థమైంది.

ఆ తర్వాత అక్కడ మట్టి పోసి, నేలను రెండు మూడు మీటర్లు ఎత్తు చేసి కొత్త మొక్కలు నాటారు. నీ చోట నీళ్ళు పైనే ఉంటే నువ్వూ అదే చెయ్యాలి. ఇక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి. మట్టి పోసే బండ్లు అటూ ఇటూ తిరిగితే నేల బిగుసుకుపోతుంది. అలాంటి నేలలో వేరూ దిగదు, వాన నీరూ ఇంకదు. ఎంత ఎత్తు పోసి ఏం లాభం? సన్నటి ఇనుప కడ్డీని చేత్తో గుచ్చి చూడు. జానెడు దిగి ఆగిపోతే, నాటకముందే లోతుగా గుల్ల చేయించు. వాన వెలిసిన మర్నాడు మడుగులు కడుతున్న చోట్లు గుర్తుపెట్టుకో.

చెట్టును గాలి తోసినప్పుడు గాలివైపు వేర్లు లాగుడును తట్టుకోవాలి, అవతలివైపు వేర్లు విరగకుండా ఒంపును ఓర్చుకోవాలి. వేళ్ళు పట్టిన మట్టి బరువు కూడా చెట్టును ఆపుతుంది. అందుకే కిందికి దిగిన వేర్లు ఎన్ని ఉంటే అంత మేలు. సంచిలో చుట్టలు తిరిగిన వేర్లున్న మొక్కలు తీసుకోకు, అవి పెద్దయినా ఆ చుట్ట విడదు.

మొదట్లో ఒత్తుగా నాటినా, తర్వాత పల్చన చెయ్యడం మానకు. ఇరుకులో చెట్లు సన్నగా, పొడుగ్గా సాగుతాయి. వాటిలో సగాన్ని ఒక్కసారే కొట్టేస్తే మిగిలినవి గాలికి ఆగవు. లేతగా ఉన్నప్పుడే కొద్దికొద్దిగా తీస్తూ రా. సముద్రం వైపు అంచు వరసల జోలికి మాత్రం వెళ్ళకు.

చెట్లు ఎదిగాక వాటి పట్టు తెలుసుకోవాలంటే, కొట్టేయదలచిన చెట్టుకే తాడు కట్టి, విన్చ్‌తో (తాడును చుట్టుకుంటూ లాగే యంత్రంతో) మెల్లగా లాగించు. ఎంత బలానికి ఒరిగిందో, తాడు ఎంత ఎత్తున కట్టారో రెండూ రాసుకో. ఆ రెండింటినీ గుణిస్తేనే పట్టు తెలుస్తుంది. పడ్డాక వేళ్ళ లోతు కూడా కొలువు.

గోతులు తవ్వగానే నీళ్ళ లోతూ, కడ్డీ దిగిన లోతూ నాకు రాసి పంపు. మట్టి ఎంత ఎత్తు పోయాలో అప్పుడు చెబుతాను.