వేడెక్కితేనే వదులయ్యే బిగువు

పాఠకుల ప్రశ్నలు, మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఏడాదిగా దాచుకున్న డబ్బుతో మోడల్ విమానాలకు వాడే 25 సైజు (0.25 ఘనపు అంగుళాల) గ్లో ఇంజన్ కొన్నాను. ప్రొపెల్లర్ పట్టుకుని చేత్తో తిప్పితే, పిస్టన్ పైకి వచ్చేసరికి గట్టిగా పట్టేస్తోంది, కీచుమని చప్పుడు కూడా వస్తోంది. మా సీనియర్ ఒకరు ‘రెండు ట్యాంకుల ఇంధనం బాగా రిచ్‌గా పెట్టి చల్లగా నడుపు, అదే అరిగి వదులవుతుంది’ అన్నారు. అలా చేయవచ్చా? ఇంజన్‌లోనే లోపం ఉందా? పెట్టె ఫొటో జత చేస్తున్నాను.
– ఒక విద్యార్థి, విజయనగరం

జవాబు: నాయనా, నీ ఇంజన్‌లో లోపం ఏమీ లేదు. కొత్తది పట్టేయకుండా గిరగిరా తిరిగి ఉంటేనే నేను బెంగపడేవాణ్ణి. మీ సీనియర్ మంచి మనసుతోనే చెప్పారు, కానీ అది వేరే రకం ఇంజన్‌కు చెప్పవలసిన మాట. నీ ఇంజన్‌కు మాత్రం దయచేసి ఆ పని చేయకు.

నువ్వు పంపిన ఫొటోలో పెట్టె మీద ఏబీసీ అని ఉంది. అల్యూమినియం పిస్టన్, ఇత్తడి స్లీవ్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే గొట్టం), ఆ స్లీవ్ లోపలి గోడకు క్రోమియం పూత అని దాని అర్థం. ఆ స్లీవ్ లోపలి రంధ్రం పైనుంచి కిందికి ఒకే కొలతలో ఉండదు. పైభాగం వెంట్రుకవాసి సన్నగా ఉండేలా కావాలనే తయారు చేస్తారు. మంట పుట్టేది పైన కాబట్టి పైభాగమే ఎక్కువ వేడెక్కి ఎక్కువ వ్యాకోచిస్తుంది. పిస్టన్‌కు వాడే అల్యూమినియంలో సిలికాన్ ఎక్కువగా కలుపుతారు, అందువల్ల అది ఇత్తడి అంతగా వ్యాకోచించదు. తగిన వేడి రాగానే స్లీవ్ విప్పారి పిస్టన్‌కు చోటిస్తుంది. ఇప్పుడు నీ చేతికి తగులుతున్న బిగువు అప్పుడు ఉండదు.

అలాంటి ఇంజన్‌ను రిచ్‌గా, అంటే గాలికి మించి ఇంధనం పోయేలా పెట్టి నడిపితే ఏమవుతుంది? ఇంధనంలోని మిథనాల్ మండకుండా మిగిలి ఇంజన్‌ను చల్లబరుస్తూనే ఉంటుంది. స్లీవ్ విప్పారదు. పిస్టన్ నిమిషానికి కొన్ని వేల సార్లు ఆ ఇరుకులోకి దూసుకెళ్ళి వెనక్కి రావాలి. ఆ దెబ్బంతా కనెక్టింగ్ రాడ్ మీద పడుతుంది, పిస్టన్ పై అంచు అరిగిపోతుంది.

ఇది నేను చదివి చెబుతున్నది కాదు. పాలిటెక్నిక్ వర్క్‌షాపులో పాఠం చెప్పే రోజుల్లో నా చేతికి వచ్చిన మొదటి ఏబీసీ ఇంజన్‌ను, అంతకుముందు రింగు ఇంజన్లకు (పిస్టన్ చుట్టూ ఇనుప రింగు ఉండేవాటికి) చేసినట్టే, రెండు ట్యాంకులు చల్లగా నడిపాను. సైలెన్సర్ కింద తెల్ల కాగితం పెట్టి ఉంచాను. దాని మీద పడిన నూనె బూడిద రంగులో ఉంది. ఆ బూడిద రంగు నా పిస్టన్‌దే. సాయంత్రానికి ఆ బిగువు పోయింది, దానితోపాటు కంప్రెషన్ కూడా పోయింది. మూడు నెలలు ఆగి కొనుక్కున్న ఇంజన్ అది.

కాబట్టి నువ్వు ఇలా చెయ్యి. ముందుగా ఇంజన్‌ను మందపాటి చెక్కకు నాలుగు బోల్టులతో బిగించి, ఆ చెక్కను బల్లకు క్లాంపు వెయ్యి. వర్క్‌షాపులో వైసు ఎదురుగా కనిపిస్తుంది, అందులో పెట్టాలనిపిస్తుంది. క్రాంక్‌కేసును వైసులో బిగిస్తే అది నొక్కుకుపోయి వంకరవుతుంది. ట్యాంకు మధ్యభాగం నీడిల్ వాల్వ్ (ఇంధనాన్ని ఎక్కువ తక్కువ చేసే మర) ఎత్తుకు సమానంగా, లేదా కొద్దిగా కిందికి ఉండాలి. ప్రొపెల్లర్ 9 అంగుళాల వ్యాసం, 4 అంగుళాల పిచ్ (ఒక చుట్టుకు ముందుకు సాగే దూరం) ఉన్నది తీసుకో. బరువు తక్కువైతే ఇంజన్ త్వరగా వేగం అందుకుంటుంది. ఇంధనంలో నూనె 20 శాతం వరకు ఉండాలి, అందులో సగమైనా ఆముదం కావాలి. నైట్రోమీథేన్ 5 నుంచి 10 శాతం ఉంటే చాలు.

స్టార్ట్ చేసే ముందు జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌తో సిలిండర్‌ను బాగా వేడి చెయ్యి. తరువాత తిప్పి చూడు, బిగువు ఎంత తగ్గిందో నీ చేతికే తెలుస్తుంది. నీడిల్‌ను పూర్తిగా మూసి, రెండున్నర చుట్లు తెరువు. కార్బురేటర్ నోటిని వేలితో మూసి ప్రొపెల్లర్‌ను రెండు సార్లు తిప్పితే గొట్టంలో ఇంధనం కదిలి రావడం కనిపిస్తుంది. ఇంకో సారి తిప్పి ఆపు. ఇప్పుడు సిలిండర్ తల మీది గ్లో ప్లగ్‌కు బ్యాటరీ తగిలించు. ఎదురుగా నిలబడి చూస్తే ప్రొపెల్లర్ గడియారపు ముళ్ళకు ఎదురు దిశలో తిరగాలి. చేత్తో కాదు, రబ్బరు గొట్టం తొడిగిన కర్రతో చురుగ్గా కొట్టు. తిప్పుతుంటే ఉన్నట్టుండి రాయిలా అడ్డం పడితే సిలిండర్‌లో ఇంధనం నిండిపోయిందని అర్థం. బలవంతం చేస్తే రాడ్ వంగుతుంది. బ్యాటరీ తీసేసి, ప్లగ్ విప్పి, ఇంజన్‌ను తలకిందులుగా పట్టుకుని తిప్పు, అదే బయటికి చిమ్ముతుంది.

రాజుకున్నాక చెవి పెట్టి విను. రిచ్‌గా ఉంటే రెండు చుట్లకు ఒకసారే మండుతూ డుబడుబమని ముద్దగా మోగుతుంది. దీన్నే ఫోర్‌స్ట్రోకింగ్ అంటారు. అక్కడ ఎక్కువ సేపు ఉంచకు. ఇంజన్ వెనక నిలబడి నీడిల్‌ను కొద్దికొద్దిగా మూస్తూ పో. ఒక చోట ఆ ముద్ద చప్పుడు విడిపోయి సన్నటి రొద మొదలవుతుంది. ఆ సరిహద్దు కాస్త దాటగానే, పొగ ఇంకా ధారాళంగా వస్తుండగా, రెండు మూడు నిమిషాలు నడుపు. ఆపి పూర్తిగా చల్లారనివ్వు. ఇలా వేడెక్కి చల్లారడంలోనే లోహాలు ఒకదానికొకటి సర్దుకుంటాయి. ఆరేడు విడతలు చేసి, ప్రతిసారీ నీడిల్‌ను చిటికెడు బిగిస్తూ వెళ్ళు. ఆపిన ప్రతిసారీ పిస్టన్‌ను కిందికి దించి ఉంచు. పైన బిగువులో వదిలేస్తే చల్లారాక అక్కడే ఇరుక్కుంటుంది.

మీ సీనియర్ దగ్గర ఉన్నది బహుశా రింగు ఇంజన్ కావచ్చు. ఇనుప రింగు ఉక్కు గోడకు ఒరుసుకుని కుదురుకోవాలి కాబట్టి, దానికి మొదటి ట్యాంకులు రిచ్‌గా, చల్లగానే నడపాలి. అనుమానం వస్తే హెడ్డు మరలు విప్పి స్లీవ్ అంచు చూడండి. పసుపుపచ్చగా కనిపిస్తే ఇత్తడి.

ఇంకొక మాట. ఎర్రమట్టి లేచే మైదానంలో ఈ పని పెట్టుకోకు. కార్బురేటర్ పీల్చే ధూళి ఆకురాయి లాంటిది. ఎప్పుడైనా ఇంజన్ హైదరాబాద్ తీసుకెళ్తే నీడిల్ మళ్ళీ కుదుర్చుకోవలసిందే. అక్కడ నేల సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, గాలి పలచన, కొద్దిగా మూయాలి.

ప్రశ్న: మా ఇంట్లో ఆముదం పండిస్తాం. అమ్మ వండిన ఆముదం డబ్బా నిండుగా ఉంది. ఇంజన్‌కు అది వాడవచ్చా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: వద్దండీ. మీ అమ్మగారి ఆముదం జుట్టుకూ పసిపిల్లల ఒంటికీ అమృతం, ఇంజన్‌కు కాదు. గింజలు వేయించి, దంచి, నీళ్ళలో కాచి తీసిన నూనెలో తేమ, జిగురు మిగిలి ఉంటాయి. గ్లో ప్లగ్‌కు తేమ శత్రువు, జిగురు కాలితే పిస్టన్ మీద అట్ట కడుతుంది. చల్లగా పిండి, జిగురు తీసి శుద్ధి చేసిన ఆముదం కొనండి.

ఆముదాన్నే ఎందుకు పట్టుకున్నామంటే, అది మిథనాల్‌లో చక్కగా కలుస్తుంది. ఎక్కువ వేడిలో ఆవిరై పోకుండా లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధపు విమానాల రోటరీ ఇంజన్లలో పోసినది కూడా ఆముదమే. మీ నేలలో పండే పంటకు అంత చరిత్ర ఉంది.

మిథనాల్ గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను. అది విషం. కొద్దిగా లోపలికి పోయినా చూపు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. మంచినీళ్ళ సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో ఎన్నడూ పోయకండి. పట్టపగలు దాని మంట కంటికి దాదాపు కనిపించదు. చర్మం గుండా కూడా ఒంటిలోకి వెళ్తుంది. పిల్లలున్న ఇంట్లో తాళం వేసి ఉంచండి.

ప్రశ్న: బ్యాటరీ ఉన్నంత సేపూ ఇంజన్ నడుస్తుంది, తీయగానే ఆగిపోతుంది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, బళ్ళారి

జవాబు: నూటికి తొంభైసార్లు రిచ్‌గా ఉండటమే కారణం అమ్మా. నీడిల్ పావు చుట్టు మూసి చూడండి. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ గ్లో ప్లగ్‌ను అమ్మకానికి తెచ్చినప్పటి నుంచి సూత్రం ఒకటే. ప్లాటినం తీగ తగిలినప్పుడు మిథనాల్ జరిపే రసాయన చర్యే తీగను ఎర్రగా ఉంచుతుంది, బ్యాటరీ మొదటి నిప్పు మాత్రమే. ఇంధనం మరీ ఎక్కువైతే ఆ తీగ చల్లారిపోతుంది. నీడిల్‌తో కుదరకపోతే ప్లగ్ మార్చండి. అప్పటికీ కాకపోతే, మూత సరిగా పెట్టని పాత ఇంధనం గాలిలోని తేమను పీల్చి ఉంటుంది, పారేయండి. ప్లగ్‌కు ఒకటిన్నర వోల్టులు మించి ఇవ్వకండి.

ప్రశ్న: మా నాన్నగారు ఎన్‌సీసీ ఎయిర్‌వింగ్‌లో ఉన్నప్పటి చిన్న ఇంజన్ బీరువాలో దొరికింది. ఆయన పోయి రెండేళ్ళయింది. ఇంజన్ ఏ మాత్రం కదలడం లేదు. ఒక్కసారి దాని చప్పుడు వినాలని ఉంది.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. ప్రొపెల్లర్ పట్టుకుని బలవంతంగా తిప్పకండి. లోపల ఉన్నది తుప్పు కాకపోవచ్చు, ఏళ్ళ తరబడి ఎండి జిగురుగా మారిన ఆముదం కావచ్చు. డ్రయ్యర్‌తో పది నిమిషాలు నెమ్మదిగా వేడి చేసి, అటూ ఇటూ కొద్దిగా కదిపి చూడండి. కదిలితే రెండు చుక్కల పలచటి నూనె వేసి మళ్ళీ వేడి చేయండి. కదలకపోతే అక్కడే ఆపండి.

ఇంధనం కొనే ముందు సిలిండర్ తల చూడండి. ప్లగ్ లేకుండా, పైన అడ్డకడ్డీ ఉన్న మర ఒకటి ఉంటే అది గ్లో ఇంజన్ కాదు, డీజిల్. ఎన్‌సీసీలో ఆ రోజుల్లో మా చేతికి వచ్చినవి ఎక్కువగా అవే. వాటికి ఈథర్, కిరోసిన్, ఆముదం ఇంచుమించు సమానంగా కలిపిన ఇంధనం కావాలి. గ్లో ఇంధనం పనికిరాదు. ఈథర్ చాలా ప్రమాదకరం, ఇంట్లో మీరు కలపవద్దు. ఏ రకమో చూసి, ఇంజన్‌కు రెండు వైపుల నుంచి ఫొటోలు తీసి పంపండి. వచ్చే సంచికలో ముందుగా మీకే రాస్తాను.