రేణిగుంట నుంచి ఫ్లైట్: లడ్డూలు సరే, కొబ్బరి చిప్పలతోనే తంటా

తిరుమల ప్రసాదాలు, పూజ సామాను ఫ్లైట్‌లో ఎలా తీసుకెళ్లాలని అడిగారు కదా, ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. లడ్డూలు హ్యాండ్ బ్యాగులో నిశ్చింతగా పెట్టుకోండి. కొబ్బరికాయ మాత్రం అందులో ఉండకూడదు; ఎండు కొబ్బరి, కర్పూరం, అగ్గిపెట్టె అయితే ఏ బ్యాగులోనూ వద్దు. నెయ్యి, పచ్చళ్లు, కారప్పొడి చెక్-ఇన్ బ్యాగులో వెయ్యండి.

దర్శనం అయ్యాక అమ్మానాన్నలతో రేణిగుంటలో, అంటే తిరుపతి ఎయిర్‌పోర్టులో, ఫ్లైట్ ఎక్కి హైదరాబాదు వెళ్తామని, కొన్నాళ్ల తర్వాత వాళ్లిద్దరూ అక్కణ్ణించి అమెరికా వెళ్తారని, వాళ్లకు ఫ్లైట్ కొత్త కాబట్టి సెక్యూరిటీలో బ్యాగు ఆపేస్తారేమోనని టెన్షన్‌గా ఉందని రాశారు. నేను తిరుపతిలోనే ఉంటాను. మా ఇంటికి దర్శనం పేరుతో ఏడాది పొడుగునా చుట్టాలు వస్తూనే ఉంటారు. వాళ్లను ఎయిర్‌పోర్టులో దింపే డ్యూటీ నాదే. ఉద్యోగం పని మీద నేనూ హైదరాబాదు తిరుగుతుంటాను. అలా చూసినవే చెప్తున్నాను.

బ్యాగు ఎందుకు ఆపుతారో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ఆ మెషిన్‌కి ప్రసాదం అంటే ఏమిటో తెలియదు. ఎక్స్‌రే తెర మీద తిండి పదార్థాలు, బట్టలు, కాగితాలు, ప్లాస్టిక్ లాంటివన్నీ నారింజ రంగులో కనిపిస్తాయి. ఇనుము, రాగి లాంటి లోహాలు నీలంగా, ఈ రెండిటికీ మధ్యరకంవి ఆకుపచ్చగా ఉంటాయి. వస్తువు ఎంత దట్టంగా ఉంటే రంగు అంత ముదురు. చిక్కేమిటంటే, పేలుడు పదార్థాలు కూడా చాలావరకు ఆ నారింజ కోవలోకే వస్తాయి. ఇప్పుడు మన బ్యాగు సంగతి చూడండి. నెయ్యి, పంచదార, శనగపిండి గట్టిగా పట్టిన లడ్డూలు ఒకదాని మీద ఒకటి, వాటి పక్కన చిత్తూరు బెల్లం దిమ్మ, కింద చింతపండు పొట్లం. తెర ముందు కూర్చున్న మనిషికి అదంతా కలిసి ఒక పెద్ద ముదురు నారింజ ముద్ద. ఆయన బ్యాగు తెరిపించకపోతేనే నేను భయపడతాను!

అందుకని లడ్డూలను బ్యాగు అడుగున, బట్టల మధ్య కుక్కకండి. కొండ మీద ఇచ్చిన కవరులోనే ఉంచి, అన్నిటికంటే పైన పెట్టండి. చీమలు పడతాయని స్టీలు డబ్బాలో సర్దేవాళ్లుంటారు. అప్పుడు మూత తీసి చూపించమంటారు, వెనక లైను ఆగిపోతుంది. కవరులో అయితే రేణిగుంటలో ఒక్క చూపు చాలు. రోజూ వందల లడ్డూలు చూసే కళ్లవి. వేరే ఊళ్లో విమానం మారి, అక్కడ మళ్లీ చెకింగ్ ఉంటే మాత్రం "ఇదేంటి" అని అడగొచ్చు. "తిరుపతి లడ్డూ" అంటే సరిపోతుంది, దేశంలో ఎక్కడైనా ఆ మాట అర్థమవుతుంది.

బరువు మాత్రం చూసుకోండి. ఎక్కువ ఎయిర్‌లైన్లలో హ్యాండ్ బ్యాగుకు 7 కిలోలే. మామూలు 50 రూపాయల లడ్డూ ఒక్కోటి దాదాపు 175 గ్రాములు ఉంటుంది కాబట్టి 40 లడ్డూలతో మీ 7 కిలోలు సరి. ఇక మార్చుకోవడానికి చొక్కా కూడా పట్టదు. అపార్ట్‌మెంటు మొత్తానికి పంచే ఉద్దేశం ఉంటే గట్టి అట్టపెట్టెలో సర్ది చెక్-ఇన్‌లో వేసేయండి. కొన్ని పొడిపొడి అవుతాయి. అయితేనేం, ప్రసాదమేగా.

ఇక కొబ్బరి. అసలు గొడవంతా ఇక్కడే.

మా మేనత్త ఒకసారి హైదరాబాదులో కొడుకు దగ్గరికి వెళ్తూ నాతో పాటు బయల్దేరింది. ఆమె చేతిసంచి స్కానర్ నుంచి బయటికి వచ్చేటప్పుడు పక్క బెల్టు మీదికి మళ్లింది. అవతల నిలబడ్డ సీఐఎస్ఎఫ్ (ఎయిర్‌పోర్టు కాపలా చూసే కేంద్ర భద్రతా దళం) కుర్రాడికి తెలుగు రాదు, అత్తకు హిందీ రాదు. జిప్పు తీశాడు. పైన రవికె గుడ్డ, దాని కింద లడ్డూల కవరు. కవరు పైనుంచే రెండు వేళ్లతో మెల్లగా నొక్కి చూసి పక్కన పెట్టాడు. ఆ తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి: కొండ మీద గుడి ముందు అఖిలాండం దగ్గర కొట్టిన కొబ్బరి చిప్పలు పసుపు కుంకుమలతో సహా, కర్పూరం పొట్లం, అగ్గిపెట్టె, వాటి అడుగున ఇంటి దగ్గర ఎండబెట్టిన కొబ్బరి గిన్నెలు ఒక గుడ్డ మూటలో. కుర్రాడు చిన్న గుడ్డపీలికతో సంచి లోపలి అంచులు తుడిచి, దాన్ని ఒక మెషిన్‌లో పెట్టాడు. మందుగుండు ఆనవాళ్లు ఉన్నాయేమో చూసే మెషిన్ అది. ఏమీ లేదని వచ్చింది. అయినా కొబ్బరి, కర్పూరం, అగ్గిపెట్టె మాత్రం లోపలికి రావని సైగ చేశాడు.

"స్వామి కొబ్బరి నాయనా, చెత్తబుట్టలో ఎట్లా వేస్తావు?" అని అత్త. ఆ అబ్బాయికి మాట అర్థం కాలేదు గానీ భావం అర్థమైంది. రెండు చేతులు జోడించి దండం పెట్టాడు, మనసు మాత్రం మార్చుకోలేదు. అత్త ఒక నిమిషం ఆలోచించి, చిప్పలోంచి ఓ ముక్క పెరికి నోట్లో వేసుకుంది, ఇంకో ముక్క నాకిచ్చింది. ట్రేల పక్కన నిలబడి మేమిద్దరం పచ్చి కొబ్బరి నమిలాం. కడుపులో పెట్టుకుని తీసుకెళ్లే కొబ్బరికి ఏ రూలూ అడ్డు రాదు కదా.

ఎండు కొబ్బరిని అంత గట్టిగా ఎందుకు ఆపుతారంటే, దానిలో నూనె ఎక్కువ. గాలి ఆడని చోట పెద్ద మొత్తంలో ఉంటే తనంతట తానే వేడెక్కి అంటుకునే గుణం ఉంది. విమానయానంలో ప్రమాదకర సరుకుల జాబితాలో దానికి సొంతంగా ఒక నంబరే ఉంది, యూఎన్ 1363. అందుకే హ్యాండ్ బ్యాగులోనూ వద్దంటారు, చెక్-ఇన్‌లోనూ వద్దంటారు. కర్పూరం సంగతి చెప్పనే అక్కర్లేదు, వెలిగించడానికి వాడేదే అది. అగ్గిపెట్టె, లైటరు మన దేశంలో రెండు బ్యాగుల్లోనూ నిషేధమే. పూజ సంచిని మూలమూలలా వెతకండి. వత్తుల డబ్బాలో అగ్గిపెట్టె దాక్కుని ఉంటుంది, పెట్టినవాళ్లకే గుర్తుండదు. పచ్చి కొబ్బరి చిప్పలను చెక్-ఇన్‌లో చాలావరకు ఒప్పుకుంటారు, పూర్తి కాయను హ్యాండ్ బ్యాగులో ఒప్పుకోరు. శబరిమల స్వాములకు మాత్రం 2024 అక్టోబరులో మన శ్రీకాకుళం ఎంపీ, కేంద్ర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు ఒక వెసులుబాటు ప్రకటించారు. ఇరుముడిలోని కొబ్బరికాయను స్కానింగ్, తనిఖీ చేసి 2025 జనవరి 20 దాకా కేబిన్‌లోకి అనుమతించారు. అది ఆ దీక్ష కోసం ఇచ్చినది. తిరుమలలో కొట్టిన కాయకు దాన్ని చూపించి వాదిస్తే లాభం లేదు.

మనవాళ్లు ఇక్కడ పొరపడటానికి ఒక కారణం ఉంది. కొండెక్కేటప్పుడు అలిపిరిలో సంచులన్నీ స్కానింగ్ అవుతాయి కాబట్టి "అక్కడ పోనిచ్చారు, ఇక్కడెందుకు ఆపుతున్నారు" అంటారు. అలిపిరిలో ముఖ్యంగా చూసేది మద్యం, సిగరెట్లు, మాంసం, ఆయుధాల్లాంటివి. 2003 అక్టోబరు 1న అక్కడ చంద్రబాబు నాయుడి కాన్వాయ్ మీద మందుపాతర దాడి జరిగింది, ఆ చోటు ఎంత సున్నితమైనదో అప్పుడే అందరికీ తెలిసింది. కొబ్బరికాయ, కర్పూరం అక్కడ పూజాద్రవ్యాలు, ఎయిర్‌పోర్టులో నిప్పంటుకునే సరుకు. నన్నడిగితే కొబ్బరికాయ, ఎండు కొబ్బరి, కర్పూరం, అగ్గిపెట్టె అన్న నాలుగు పేర్లు తెలుగులో, తమిళంలో పెద్ద అక్షరాలతో రాసి లడ్డూ కౌంటర్ల దగ్గర ఒక బోర్డు పెట్టాలి. సెక్యూరిటీ లైనులోకి వచ్చాక చెప్తే ఎవరికి లాభం?

నెయ్యి, పచ్చళ్ల విషయంలో ఒక చోట ఉన్నట్టు ఇంకో చోట ఉండదు. ఒక ఎయిర్‌పోర్టులో నా బ్యాగులో ఉన్న చిన్న నెయ్యి సీసాను చూసి కూడా వదిలేశారు, తిరుగు ప్రయాణంలో ఇంకో ఎయిర్‌పోర్టులో అలాంటి సీసానే తీసి పక్కన పెట్టేశారు. అడిగితే "కుదరదు" అన్న ఒక్క ముక్కే. కోపం వచ్చిన మాట నిజమే. కానీ అక్కడ డ్యూటీలో ఉన్న మనిషిదే ఆఖరి మాట, ఫ్లైట్ మనకోసం ఆగదు. అప్పట్నుంచీ నూనె తేలేది, జారేది ఏదైనా చెక్-ఇన్‌లోనే వేస్తున్నాను. సీసా మూతకు టేపు చుట్టి, రెండు కవర్లలో కట్టి, పాత టవల్లో చుట్టండి. నిప్పట్లు, మురుకులు, వేయించిన చెనిక్కాయలు లాంటి పొడి తిండి చేతిలోనే ఉంచుకోవచ్చు.

కంచు, ఇత్తడి విగ్రహాలు, రాగి చెంబులు కొంటే అవి తెర మీద నీలం ముద్దగా కనపడి వెనకున్న వస్తువులను కప్పేస్తాయి, కాబట్టి బ్యాగు తప్పకుండా తెరుస్తారు. శ్రీకాళహస్తి దగ్గరి మాధవమాల కొయ్య బొమ్మలు కూడా పెద్దవైతే అంతే. భయపడాల్సిందేమీ లేదు, చూసి ఇచ్చేస్తారు. పవర్ బ్యాంకు మాత్రం లెక్క తిరగబడుతుంది: అది హ్యాండ్ బ్యాగులోనే ఉండాలి, చెక్-ఇన్‌లో వేస్తే పేరు పెట్టి పిలిచి తీయిస్తారు. 100 వాట్-అవర్ల లోపు అయితే సమస్య లేదు. మామూలు 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్-అవర్లే అవుతుంది. దాని మీద ఆ సామర్థ్యం రాసిన అక్షరాలు చెరిగిపోయి ఉంటే వేరేది కొనుక్కోండి.

అమ్మానాన్నలకు ముందే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫోను, పర్సు, బెల్టు, తాళాలు ట్రేలో పెట్టాలి. ల్యాప్‌టాప్ ఉంటే విడిగా ఇంకో ట్రేలో. ఆడవాళ్లను తెర చాటున ఆడవాళ్లే తనిఖీ చేస్తారు, ఈ మాట అమ్మగారికి ఇంట్లోనే చెప్పండి. గాజులు, తాళిబొట్టు తీయాల్సి వస్తుందని చాలామంది పెద్దవాళ్లు లోలోపల కంగారు పడుతుంటారు. మామూలుగా తీయమనరు, చేతి డిటెక్టరుతో చూసి పంపేస్తారు. నాన్నగారి మొలతాడుకు వెండి బిళ్ల ఉంటే కుయ్‌మంటుంది, నవ్వి ఊరుకోండి. మోకాలి చిప్ప మార్పిడి అయినా, గుండెకు పేస్‌మేకర్ ఉన్నా గేటు దాటకముందే చెప్పండి, కాగితం దగ్గర ఉంచుకోండి. అన్నట్టు, గుండు చేయించుకున్నాక ఆధార్ ఫోటోతో పోలిక కుదరదేమోనని మా తోడల్లుడు ఒకటే బెంగ పెట్టుకున్నాడు. రేణిగుంట గేటు దగ్గర గుండ్లు చూసి ఆశ్చర్యపోయేవాళ్లు ఎవరుంటారు చెప్పండి!

హైదరాబాదు నుంచి అమెరికా వెళ్లేటప్పుడు లెక్క ఇంకా గట్టిది. ద్రవాలు, పేస్టులు ఒక్కో సీసా 100 మిల్లీలీటర్ల లోపు, అన్నీ కలిపి ఒక లీటరు జిప్ కవరులో. 2006 ఆగస్టులో లండన్ నుంచి బయల్దేరే విమానాలను కూల్‌డ్రింకు సీసాల్లో నింపిన ద్రవంతో పేల్చాలన్న కుట్ర బయటపడినప్పటి నుంచి వచ్చిన రూలు ఇది. సీసా పెద్దదై అడుగున కాస్తే మిగిలి ఉన్నా ఒప్పుకోరు, సీసా సైజే చూస్తారు. మధ్యలో విమానం మారే చోట మళ్లీ చెక్ చేస్తారు కాబట్టి, మొదటిచోట కొన్న నీళ్ల సీసా అక్కడ పోతుంది. బీపీ, షుగరు మందులు, ఇన్సులిన్ చేతిలోనే ఉంచి, డాక్టరు చీటీ జత చేయండి. చెక్-ఇన్ బ్యాగు ఒక రోజు ఆలస్యంగా వచ్చినా మందులకు ఇబ్బంది ఉండదు.

తిరుమల నుంచి నేరుగా ఎయిర్‌పోర్టుకు వెళ్లేట్టయితే ఘాట్ రోడ్డు, తిరుపతి ట్రాఫిక్ కలుపుకుని గంటన్నర వేసుకోండి. చెక్-ఇన్ కౌంటరు సాధారణంగా ఫ్లైట్‌కు గంట ముందే మూసేస్తారు. వీలైతే దారిలో తిరుపతిలో ఒక అరగంట ఆగి, బ్యాగులన్నీ తెరిచి మళ్లీ సర్దుకోండి. దింపడానికి ఎవరైనా వస్తే, మీరు సెక్యూరిటీ దాటి ఫోన్ చేసేదాకా బయటే ఉండమనండి. ఏదైనా ఆపితే సెక్యూరిటీ వాళ్లను అడిగి వెనక్కి వచ్చి, దింపడానికి వచ్చినవాళ్ల చేతికి ఇచ్చేయొచ్చు. మా చుట్టాలు అలా తిరిగిచ్చిన రెండు ఆవకాయ సీసాలు, ఒక నెయ్యి డబ్బా ప్రస్తుతం మా వంటింట్లోనే ఉన్నాయి. వాళ్లు మళ్లీ దర్శనానికి వచ్చేలోపు అవి మిగలవు.