చివరి బస్సు ఎప్పుడో ముందు కనుక్కో

ధర్మవరం

చిట్టితల్లీ,

మొన్న రాత్రి మీ నాయన ఫోన్ చేసినాడు. "అక్కా, నీ మేనకోడలు అనంతపురంలో సినిమా పండగ పెడతానంటోంది. హైదరాబాదులో ఎడిటింగ్ నేర్చుకున్నది ఇందుకేనంట. నువ్వన్నా ఒక మాట చెప్పు" అన్నాడు. మానుకోమని చెప్పాలనా అంటే, "అట్ల కాదు, దెబ్బ తినకుండా చూడు" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు వాని గొంతులో గర్వం ఉంది, దిగులూ ఉంది. నాకూ అంతే. మన ఊళ్ళలో సినిమా అంటే హీరో కటౌటుకు పాలు పోసేదే అనుకునే పిల్లోళ్ళకు వేరే సినిమా చూపించాలని మన ఇంటి ఆడపిల్ల అనుకుంది. అంతకంటే ఏం కావాల నాకు?

కానీ నువ్వు పంపిన పోస్టరు చూసినాక నిద్ర పట్టలేదు. అందులో అన్ని ఆటలూ సాయంత్రం ఆరున్నరకే అని వేసినావు. దానికి తోడు మీ నాయనతో, "ఒక్క పెద్ద దాతను పట్టుకుంటే చాలు, ఖర్చంతా ఆయనే చూసుకుంటాడు" అన్నావంట. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో నేను కళ్ళారా చూసిన దాన్ని. అది తర్వాత చెప్తా. ముందు చిన్న పనులు.

సంఘాన్ని 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేయించు. బ్యాంకు ఖాతా సంఘం పేరుమీదనే ఉండాల, చెక్కుమీద ఇద్దరి సంతకాలుండాల. యూట్యూబులో దొరికింది కదా అని ఏ సినిమానూ తెరమీద వేయొద్దు, హక్కులున్నవాళ్ళ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకో. సెన్సారు సర్టిఫికెట్ లేనివి వేయాలంటే కేంద్ర సమాచార ప్రసార శాఖ మినహాయింపు ఇవ్వాల, జాబితా చానా ముందుగా పంపుకోవాల. ఆరుబయట ఆట అయితే రాత్రి పదికల్లా మైకు ఆపేయాల.

తేదీల మాట. ఆషాఢంలో వద్దే వద్దు. రామగిరి కొండల మీద గాలిమరలు తిప్పే గాలి నీ తెరను నిలవనిస్తుందా? పైగా అప్పుడు ఊళ్ళన్నీ శెనక్కాయ విత్తే పనిలో ఉంటాయి. సంక్రాంతికి హాస్టళ్ళు ఖాళీ అయిపోతాయి, ఆ తర్వాత ఇంటర్ పరీక్షల భయం పట్టుకుంటుంది. కాయ పీకి, కొట్టి, అమ్ముకున్నాక డిసెంబరులో పెట్టు. జనం చేతిలో నాలుగు రూపాయలుంటాయి, మనసూ కుదురుగా ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు పుట్టకముందుది.

నేను ఆడపిల్లల జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పేటప్పుడు, అనంతపురంలో కొందరు సినిమా ప్రియులు చేరి ఒక వారంపాటు మంచి సినిమాలు వేయాలనుకున్నారు. మంచివాళ్ళే, చదువుకున్నవాళ్ళే. హాలుకు, ఫిల్ము రీళ్ళ పెట్టెలు తెప్పించడానికి డబ్బు చాల్లేదు. తలా పదీ ఇరవై అడుగుతూ తిరగడం వాళ్ళకు నామోషీ అనిపించింది. అంతలో ఒక పెద్దమనిషి, కాంట్రాక్టులు చేసేవాడు, ఖర్చంతా నాదే అన్నాడు. ఎగిరి గంతేసినారు. ఆయన అడిగింది ఒక్కటే: చివరిరోజు తనకు సన్మానం చేయాల, నాలుగు మాటలు మాట్లాడనియ్యాల.

ఆ చివరిరోజు ఆటకు మా పిల్లల్ని పంపమని సంఘం వాళ్ళు కాలేజీకి వచ్చి అడిగినారు. రెండున్నరకు మొదలు, అయిదులోపల అయిపోతుంది, ఆరు గంటల నైట్ హాల్ట్ బస్సుకు పిల్లలు హాయిగా అందుకుంటారని చెప్పినారు. నైట్ హాల్ట్ అంటే నీకు తెలీదేమో. ఊరికి పోయే ఆఖరి బస్సు అదే. రాత్రికి అక్కడే ఆగి తెల్లారి తిరిగొస్తుంది. అది తప్పిపోతే ఊరికి దారి లేనట్లే.

రెండున్నర అయింది, మూడున్నర అయింది. పెద్దమనిషి రాలేదు, ఆయన రాకుండా ఆట మొదలుపెట్టే ధైర్యం ఎవరికీ లేదు. నాలుగున్నరకు అనుచరులతో వచ్చినాడు. దండలు, శాలువాలు, సన్మానపత్రం. నాలుగు మాటలన్నవి ముక్కాలు గంట సాగినాయి. తెరమీద బొమ్మ పడేసరికి అయిదు దాటింది. మా పిల్లలు లేచి పోబోతుంటే సంఘం వాళ్ళే మైకులో చెప్పినారు: "అమ్మాయిలెవరూ పోవద్దు, సినిమా అయినాక జీపులో మీ ఊళ్ళకు దింపుతాం." చాలామంది నమ్మక వెళ్ళిపోయినారు. అయిదుగురు నమ్మినారు.

సినిమా అయిపోయేసరికి జీపు లేదు. పెద్దమనిషి కారులో చోటు చాలక, ఆయన మనుషుల్ని దింపడానికి పోయిందంట. రాత్రి పది దాకా హాలు మెట్లమీద కూర్చున్నాం. తిరిగి రాలేదు. ఆ అయిదుగురినీ మా ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టి పడుకోబెట్టినా. ఆ ఊళ్ళకు కబురు చేయడానికి ఫోన్లు లేవు. తెల్లవారుజామున పాలవ్యాను డ్రైవరు చేతికి చీటీలిచ్చి పంపినా. అప్పటికే ఒక పిల్ల తండ్రి రాత్రంతా రోడ్డుమీద నిలబడి, పొద్దు పొడవకముందే సైకిలెక్కి మా గుమ్మంలోకి వచ్చేసినాడు. నన్నొక్క మాట అనలేదు. "పుస్తకాలు తెచ్చుకో తల్లీ" అన్నాడు కూతురితో. ఆ పిల్ల మళ్ళీ కాలేజీకి రాలేదు. ఎండాకాలంలో పెళ్ళి చేసినారు. ఆమె పాఠంలో అడిగే ప్రశ్నలు నన్ను ఇంటికొచ్చినాక కూడా ఆలోచింపజేసేవి. తండ్రిని నేను ఇప్పటికీ తప్పుపట్టలేను. చీకటి పడినాక కూతురు ఇల్లు చేరలేదు, ఆ మనిషి ఇంకేం ఆలోచిస్తాడు?

సంఘం పుస్తకంలో మాత్రం "ఉత్సవం దిగ్విజయం, లోటు లేదు" అని రాసుకున్నారు. ఆ తర్వాత చానా ఏండ్లు మా కాలేజీలో సాయంత్రం పూట ఏ కార్యక్రమం పెట్టినా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆడపిల్లల్ని ఉంచనియ్యలేదు. పాటల పోటీకీ లేదు, నాటకానికీ లేదు. ఒక్కని దగ్గర డబ్బు తీసుకున్నందుకు అంతమంది పిల్లలు కట్టిన బాకీ అది.

అందుకే కోపంగా చెప్తున్నా, విను. ఒక్కరి డబ్బు మొత్తం ఖర్చులో పావు వంతు మించకూడదు. ఇచ్చినవాళ్ళ పేరు సినిమాకు ముందు తెరమీద ఒక్క స్లైడులో వేయి, చాలు. ప్రసంగం లేదని ముందే కాగితం మీద రాసి సంతకం తీసుకో. మొహమాటపడితే ఆ మొహమాటానికి ఖరీదు నువ్వు కట్టవు, ఎవరి పిల్లో కడుతుంది.

చిల్లర అడగడానికి సిగ్గుపడొద్దు. 1976లో శ్యామ్ బెనెగల్ 'మంథన్' తీస్తే గుజరాత్ పాడిరైతులు అయిదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేసుకున్నారు. సినిమా వచ్చినాక మా సినిమా అని లారీలెక్కి పోయి చూసుకున్నారు. కేరళలో జాన్ అబ్రహం అనే డైరెక్టరు (హిందీ హీరో కాదు), ఆయన స్నేహితులు ఒడెస్సా అని పేరు పెట్టుకొని ఊరూరా చాప్లిన్ సినిమా వేసి, జనం ఇచ్చినది పోగుచేసి 1986లో 'అమ్మ అరియాన్' తీసినారు. రూపాయి ఇచ్చినవాడు చూడటానికి వస్తాడు, పదిమందికి చెప్తాడు కూడా. పెద్ద దాత ఒక్కడే వస్తాడు, అదీ ఆలస్యంగా.

మా ధర్మవరం పట్టుచీరల అంగళ్ళలో నేను తిరుగుతా. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర అంగళ్ళు, నూనె మిల్లులు మీ స్నేహితులు చూసుకోండి. డబ్బే కానక్కర్లేదు. షామియానా ఆయన కుర్చీలు ఇస్తాడేమో, ప్రెస్సు ఆయన కరపత్రాలు వేసిపెడతాడేమో, హోటలాయన వలంటీర్లకు ఉగ్గాని బజ్జీలు పెడతాడేమో అడుగు. వాటికి కూడా రసీదు రాయి. దాతలకు పన్ను మినహాయింపు దొరికేట్లు ఆదాయపన్ను శాఖ ఇచ్చే నమోదు (80జీ అంటారు) వచ్చేదాకా ఎవరికీ ఆశ చూపొద్దు. వచ్చినాక కూడా 2,000 రూపాయలు దాటితే నగదు వద్దు, బ్యాంకులో వేయమను. పెద్ద కంపెనీలు సమాజం పనులకు ఇచ్చే సీఎస్ఆర్ డబ్బుకు మూడేండ్ల పని చూపించమంటారు, కాబట్టి ఈ ఏడు దానిమీద ఆశ పెట్టుకోవద్దు. బయటిదేశాల్లో ఉన్న మనవాళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్త. కువైట్‌లో పనిచేస్తూ భారత పాస్‌పోర్టే ఉన్నవాడు తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే చిక్కులేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాడు పంపితే, మీ మేనమామ కొడుకే అయినా సరే, అది విదేశీ విరాళం. దానికి కేంద్ర హోంశాఖ అనుమతి లేకుండా ఒక్క రూపాయి ముట్టుకోవద్దు.

ఇంక పిల్లోళ్ళ సంగతి. ఆటల వేళలు రాసుకునేముందు అనంతపురం బస్టాండుకు పోయి కూడేరు, ఆత్మకూరు, నార్పల, శింగనమల, గార్లదిన్నె వైపు చివరి బస్సులు ఎన్నింటికో రాసుకో. అన్నిటికంటే ముందు పోయే బస్సు ఏదో చూసి, దానికి గంట ముందు నీ ఆట అయిపోయేట్లు వెనక్కి లెక్కపెట్టుకో. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. ఛార్జీకి డబ్బు లేదని ఇంట్లో అడ్డుపెట్టే రోజు పోయింది. వేళ ఒక్కటే అడ్డం. పొద్దున పదకొండుకు ఒకటి, మధ్యాహ్నం రెండుకు ఒకటి పిల్లలకు పెట్టు. రాత్రి ఆటలు టౌనువాళ్ళకు ఉంచు.

రాలేని వాళ్ళ దగ్గరికి నువ్వే పో. కస్తూర్బా విద్యాలయాలున్నాయి, సంక్షేమ హాస్టళ్ళున్నాయి. ఒక ప్రొజెక్టరు, ఒక తెల్లబట్ట, రెండు స్పీకర్లు చాలు. అయితే ఇరాన్ సినిమాకు ఇంగ్లీషు అక్షరాలు కింద వేసి పిల్లల్ని చూడమనేవు సుమా! అక్షరాలు తెలుగులో ఉండాల, చివరి వరసలో కూర్చొని నువ్వు చదవగలగాల. నీకు ఎడిటింగ్ వచ్చు కదా, ఆ పని నీ చేతుల్లోనే ఉంది. సినిమా అయినాక "ఎట్లుంది?" అని అడగొద్దు, "బాగుంది" అని ఊరుకుంటారు. "అందులో అమ్మ ఎందుకు అబద్ధం చెప్పింది? నువ్వయితే చెప్తావా?" అని అడిగి చూడు. గంటసేపు ఆపలేవు.

పిల్లోళ్ళతో కుర్చీలు మాత్రమే మోయించొద్దు. పొట్టి సినిమాల్లో ఏది వేయాలో తేల్చే పని వాళ్ళకే ఇయ్యి. వాళ్ళు ఎంచింది నీకు నచ్చకపోయినా వేయి. ఫోన్లతో ఒక నిమిషం సినిమాలు తీయమను, తీసినవాటిని పెద్ద తెరమీదనే చూపించు. తన ఊరి బావిని, తన అవ్వను అంత పెద్దగా చూసుకున్న పిల్ల మళ్ళీ పాత పిల్ల కాదు.

మా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలాట వాళ్ళను పిలవడం మర్చిపోవద్దు. తెర వెనక దీపం పెట్టి బొమ్మను ఆడించే విద్య మన జిల్లాల్లో సినిమా రాకముందు నుంచీ ఉంది. పిల్లలకు బొమ్మలు చేతికిచ్చి ఆడించనియ్యి. ప్రదర్శనకు వాళ్ళడిగినంత ఇయ్యి, బేరమాడొద్దు.

తాడిపత్రి వాడైన డైరెక్టరు కె.వి. రెడ్డి గురించి ఒక పూట పెట్టు. 1952లో మన దేశంలో జరిగిన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఆయన తీసిన 'పాతాళభైరవి' వేసినారు. ఈ సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? పులివెందుల వైపు నుంచి సినిమాల్లోకి పోయిన డైరెక్టరు బి.ఎన్. రెడ్డికి 1974 ఫాల్కే అవార్డు వచ్చిందని కూడా చెప్పు. కె.వి. రెడ్డి సినిమాల్లో క్యాషియరుగా చేరినవాడు. ఏ సన్నివేశం ఎన్ని నిమిషాలుండాలో తీయకముందే లెక్కకట్టుకునేవాడంట. నీ వలంటీర్లకు ఆ సంగతి చెప్పి, తలా ఒక గడియారం చూసే పని అప్పజెప్పు.

ఇంతసేపు గద్దించినానని ముఖం మాడ్చుకోవద్దు. నీ వయసులో నాకు ఇట్లాంటి ధైర్యం లేదు. రాత్రిళ్ళు ల్యాప్‌టాప్ ముందే కూర్చొని అన్నం మర్చిపోతున్నావని మీ అమ్మ చెప్పింది. పండగ నాటికి జ్వరం తెచ్చుకుంటే ఎవరు నడిపిస్తారు?

ఆదివారం పొద్దున అనంతపురం వస్తా. తేదీలు ఖాయం చేసిపెట్టు. పండగ రోజుల్లో నైట్ హాల్ట్ బస్సులు కాస్త ఆలస్యంగా కదిలించమని డిపో మేనేజరుకు ఇచ్చే అర్జీ నేను రాసి తెస్తా, ఇద్దరం కలిసి పోయి ఇద్దాం. ఆయన ఒప్పుకున్నా సరే, నీ ఆటల వేళ మార్చొద్దు. నా చందా అయిదువందలు కూడా అప్పుడే ఇస్తా, రసీదు పుస్తకం దగ్గర పెట్టుకో. వంట చేయొద్దని మీ అమ్మకు చెప్పు, జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి నేనే తెస్తున్నా.

మీ అత్త