పాత పికప్ ఎడమకి లాగుతోందా? ముందు కుడి చక్రం విప్పండి

బ్రేకు తొక్కితే బండి ఎడమకి లాగుతోందని, రెండోసారి తొక్కితే గానీ పెడల్ గట్టిపడట్లేదని, నాలుగు చక్రాలకీ కొత్త లైనర్లు (డ్రమ్ముకి రాసుకుని బండిని ఆపే పట్టీలు) వేయించినా అదే తంతని రాశారు. మా నాన్నగారి పాత మహీంద్రా పికప్‌తో నేనూ అచ్చం ఇదే పడ్డాను. జీపు ఛాసీ మీద కట్టిన బండి. అన్నీ డ్రమ్ము బ్రేకులే, కాలి బలానికి తోడిచ్చే బూస్టర్ లేదు, పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ నుంచి అన్నిటికీ ఒకటే లైను. ఎక్కడ బ్రేకు ఆయిల్ కారినా నాలుగు బ్రేకులూ ఒక్కసారే పోతాయి. మీదీ అలాంటిదే అయితే ఇది తేలేదాకా సాలూరు ఘాటీ వైపు పోకండి.

ఎడమకి లాగుతోంది కదా అని నేను ఎడమ చక్రమే మూడుసార్లు విప్పించాను. ఆఖరికి ఆమదాలవలస రోడ్డులో ఓ ముసలి మేస్త్రి చూసి నవ్వాడు. "ఎడం సక్రం దాని పని అది సేస్తంది బాబూ. పని సెయ్యనిది కుడిది. దాన్ని ఒగ్గేసి దీన్ని పీకుతారేటి?"

కుడి ముందు డ్రమ్ము లాగితే లైనరు నల్లగా నిగనిగలాడుతోంది, వేలికి జిడ్డంటింది. మేస్త్రి దాని మీద నాలుగు నీటి చుక్కలు చల్లి బొటనవేలితో రుద్దాడు. బ్రేకు ఆయిల్ అయితే నీళ్లలో కలిసిపోతుందట, ఇది పూసల్లా విడిపోయింది. అంటే బేరింగు గ్రీజు, చక్రం నడిమి హబ్‌లో గ్రీజుని ఆపే ఆయిల్ సీలు పోయింది. మీకు నీళ్లలో కలిసిపోతే మాత్రం డ్రమ్ము లోపల ఉండే వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు ఎత్తి చూడండి, లోపల తడి ఉంటే దాని రబ్బర్ల కిట్టు మార్చాల్సిందే. తడిసిన లైనర్ని పెట్రోలుతో కడిగి మళ్లీ వేస్తామంటారు, ఒప్పుకోకండి. వేడెక్కగానే పీల్చుకున్న జిడ్డంతా పైకొస్తుంది. నేను ఒకసారి ఒప్పుకుని వారం తిరక్కుండా మళ్లీ వెళ్లాను. మార్చేటప్పుడు ఎడమా కుడీ జతగా మార్చండి.

ఇక పెడల్. రెండు మూడుసార్లు కొడితే పైకొచ్చి గట్టిపడుతోందంటే, చాలావరకు షూలు (లైనర్లు అంటించి ఉండే ఇనప రెక్కలు) డ్రమ్ముకి దూరంగా ఉన్నట్టే. స్పంజిలా మెత్తగా ఉంటే లైనులో గాలి చేరినట్టు. తొక్కి ఉంచితే మెల్లగా దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు అరిగాయి. మీది మొదటిదిలా ఉంది. చక్రం జాకీ మీద లేపి, డ్రమ్ము వెనక రేకు (బ్యాక్ ప్లేటు) వైపు నుంచి, షూలని దగ్గరకి జరిపే అడ్జస్టర్‌ని చక్రం పట్టేదాకా తిప్పి, మళ్లీ స్వేచ్ఛగా తిరిగేంత వెనక్కి వదలండి. ఇది చెయ్యకుండా గాలి తీయడం మొదలుపెడితే బ్రేకు ఆయిల్ సీసాలు ఖాళీ అవడమే.

అప్పటికీ సరిగా పట్టకపోతే డ్రమ్ము లోపల సుద్దముక్క రాసి బిగించి, కొద్దిగా బ్రేకు వేస్తూ తిప్పి విప్పండి. లేతులో చాలాసార్లు పట్టించిన పాత డ్రమ్ము వెడల్పై ఉంటుంది, కొత్త లైనరు నడిమధ్యే తగులుతుంది. సుద్ద అక్కడే అంటితే లైనర్లని డ్రమ్ముకి సరిపడా అరగదీయించాలి. పాత లైనర్ల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి ఎయిర్ కొట్టించకండి, తడిగుడ్డతో తుడవండి.

ఒకవేళ ఎడమ చక్రమే కాలిపోతుంటే లెక్క వేరు. అది పట్టేసి ఉన్నప్పుడు ఆ చక్రం వెనక గాలి తీసే నిప్పిల్ కొంచెం వదులు చేయండి. చివ్వున ఆయిల్ చిమ్మి చక్రం వదిలిందంటే హోస్ పైపు లోపల ఉబ్బి మూసుకుపోయి ఉంటుంది, పైకి కొత్తదానిలా కనిపించినా సరే. వదలకపోతే షూలని వెనక్కి లాగే స్ప్రింగులు చూడండి. నాలుగూ పట్టేస్తుంటే పెడల్‌కి ఆట లేదన్నమాట, పెడల్‌కీ మాస్టర్ సిలిండర్‌కీ మధ్య ఉండే పుష్ రాడ్ సర్దాలి.

అంతా అయ్యాక ఖాళీ రోడ్డు మీద ఇరవై స్పీడులో, స్టీరింగు మరీ బిగించి పట్టుకోకుండా తొక్కి చూడండి. ఇంకా లాగితే కుడి లైనరు జిడ్డుగా ఉందో పొడిగా ఉందో రాయండి, అక్కడినుంచి చూద్దాం.