టెక్ సందేహాలు: ఫ్లష్ చేసినా బ్రౌజర్‌కు చేరని వరుసలు

ప్రశ్న: సర్వర్‌లోని 120 ఫోటోల సైజు తగ్గించే పేజీని పీహెచ్‌పీలో రాశాను. ఒక్కో ఫోటో పూర్తికాగానే ‘57 అయింది’ అన్నట్టు కనిపించాలని ఎకో (పేజీలోకి రాసే ఆదేశం) తర్వాత ఫ్లష్() (రాసినదాన్ని వెంటనే పంపించే ఆదేశం) పెట్టాను. ల్యాప్‌టాప్‌లో బాగానే వస్తోంది. ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఉన్న సర్వర్‌లో మాత్రం ఇరవై సెకన్లు తెల్ల పేజీ, ఆపైన అన్నీ ఒక్కసారే. కారణమేమిటి?
- ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ల్యాప్‌టాప్‌లో పనిచేసిన కోడ్‌ను తిరగరాయకండి. అడ్డు దారిలో ఉంది, అదీ రెండు చోట్ల.

మొదటిది పీహెచ్‌పీ సొంత బఫర్, అంటే పంపేముందు డేటాను పోగుచేసి ఉంచే గిన్నె లాంటిది. పీహెచ్‌పీతో వచ్చే నమూనా ఐఎన్ఐ (సెట్టింగుల) ఫైళ్లలో ఈ బఫర్ సైజు చెప్పే అవుట్‌పుట్_బఫరింగ్ విలువ 4096 బైట్లు. ఐఎన్ఐ ఫైలే లేకపోతే అది సున్నా. మీ ల్యాప్‌టాప్‌లో జరుగుతున్నది బహుశా ఇదే. ఇక లెక్క చూడండి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ, దాని గుణింతపు గుర్తుకూ తలా మూడు బైట్లు. ‘57 అయింది’, దాని వెనక బీఆర్ ట్యాగు కలిపితే 25 బైట్లు. 120 వరుసలకు దాదాపు 3,000. గిన్నె నిండనే లేదు, పొంగేదెలా?

ఫ్లష్() ఈ బఫర్ జోలికి పోదు. ముందు దీన్ని ఖాళీ చేసే ఓబీ_ఫ్లష్(), ఆ తర్వాతే ఫ్లష్() పిలవాలి. బఫర్ లేనిచోట ఓబీ_ఫ్లష్() పిలిస్తే నోటీసు వస్తుంది కాబట్టి ఎన్ని బఫర్లు ఉన్నాయో చెప్పే ఓబీ_గెట్_లెవెల్() సున్నా కాదని చూసుకుని పిలవండి.

రెండో అడ్డు ఎన్‌జింక్స్. పీహెచ్‌పీ పంపినదాన్ని అది 4 లేదా 8 కిలోబైట్ల బఫర్లలో పోగుచేస్తుంది. ఇలా పోగుచేయించే ఫాస్ట్‌సీజీఐ_బఫరింగ్ సెట్టింగును సర్వర్ మొత్తానికీ ఆపేయకండి, మిగతా పేజీలకు అది మేలే చేస్తోంది. ఈ ఒక్క పేజీలో, మొదటి ఎకోకు ముందే, ‘ఎక్స్-యాక్సెల్-బఫరింగ్: నో’ అనే హెడర్ (పేజీ కంటే ముందు వెళ్లే సూచన) పంపితే చాలు. ఒకసారి ఫ్లష్ అయ్యాక హెడర్లు, కుకీలు పంపడం కుదరదు.

ప్రతి వరుసకూ 4 కిలోబైట్ల ఖాళీలు జోడించి బఫర్‌ను నింపమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. అంకె చూపడానికి 480 కిలోబైట్ల శూన్యం పంపడం నాకు నచ్చదు. పైగా జిప్ కుదింపు ఆన్‌లో ఉంటే ఆ ఖాళీలన్నీ నలిగి పిడికెడవుతాయి.

ఇంకా కదలకపోతే బ్రౌజర్ పక్కనపెట్టి, పేజీని కమాండ్ లైన్‌లోనే తెచ్చి చూపే కర్ల్‌ను, దాని సొంత బఫరింగ్‌ను ఆపే పెద్ద ఎన్ ఆప్షన్‌తో నడపండి. అందులో వరుసలు ఒక్కొక్కటిగా వస్తుంటే సర్వర్ వైపు పని అయిపోయినట్టే; ఇక చూడాల్సింది బ్రౌజర్‌ను.

పేజీలో సెషన్ (వినియోగదారును గుర్తుపెట్టుకునే ఏర్పాటు) వాడుతున్నారా? అయితే పని మొదలయ్యే ముందు సెషన్_రైట్_క్లోజ్() పిలవండి. లేకపోతే మామూలు ఫైలు సెషన్లలో ఆ సెషన్ ఫైలుకు తాళం పడి, ఆ ఇరవై సెకన్లూ అదే వినియోగదారు తెరిచిన రెండో ట్యాబు కూడా బిగుసుకుపోతుంది. అప్పుడు ఫిర్యాదు మళ్లీ ఫ్లష్ మీదికే వస్తుంది.