తల ఊపితే అర్థమైనట్టు కాదు

అమ్మలూ,

పాడేరు అవతల సబ్‌సెంటర్లో ఏఎన్‌ఎంగా చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. మా ఇంట్లో ఇంకో సిస్టరమ్మ అని వీధంతా చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

టీకాలు, రిజిస్టర్లు నీకు నేర్పే ఉంటారు. నా భయమంతా మాట దగ్గరే.

నేను ఏజెన్సీలో చేరిన కొత్తల్లో నాతో ఒక సిస్టరు ఉండేది, మంచి పనిమంతురాలు. విరేచనాలవుతున్న పిల్లాణ్ణి ఎత్తుకొచ్చిన తల్లికి ఓఆర్‌ఎస్ పొట్లాలిచ్చి, "నీళ్లలో కలిపి తాగించు, అర్థమైందా?" అంది. ఆ తల్లి తల ఊపింది. ఇంటికెళ్లి పొట్లం మొత్తం ఒక్క గ్లాసులో కలిపింది. లీటరు నీళ్లలో పడాల్సిన ఉప్పు గ్లాసులో పడితే ఒంట్లో సోడియం ఎంత పెరుగుతుందో నీకు తెలుసు. మర్నాటికి పిల్లాడికి ఫిట్స్. జీపులో పెద్దాసుపత్రికి చేర్చబట్టి దక్కాడు. అందరూ తల్లినే తిట్టారు. ఆమె తప్పేముంది? ఇంట్లో లీటరు కొలిచే గిన్నె లేదు. పక్కన అత్తగారు నిలబడి ఉంది, తెలీదని ఎలా అంటుంది? పైగా ఆ తల్లిది అక్కడి గిరిజనుల కువి భాష, మనది తెలుగు.

"అర్థమైందా" అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు. ఆ ప్రశ్నే వెయ్యకు. లీటరు నీళ్ల ఖాళీ సీసా ఒకటి సంచిలో పెట్టుకో. వాళ్ల గిన్నెలోనే, వాళ్ల చేత్తోనే కలిపించి చూడు. జింక్ మాత్రలు 14 రోజులివ్వాలని చెప్పాక, "విరేచనాలు మూడో రోజే ఆగిపోతే ఏం చేస్తావు?" అని అడుగు. "మానేస్తాను" అంటే కోప్పడకు. నీ మాట ఎక్కడ అందలేదో అప్పుడే తెలిసిందని సంతోషించి మళ్లీ చెప్పు. ఆశా కార్యకర్త నీ మాట కువిలో చెబితే, ఆ తల్లి జవాబును పూర్తిగా తెలుగులో చెప్పించుకో. "సరేనంటోందమ్మా" అంటే ఒప్పుకోకు.

రిజిస్టరులో తల దూర్చి మాట్లాడావని తెలిస్తే ఊరుకోను. నీకు గబగబా మాట్లాడే అలవాటు ఉంది, అది మానుకో. అయినా తాతయ్యకు చెవులు వినపడని రోజుల్లో ఆయన ఎదురుగా కూర్చుని, మొహంలోకి చూస్తూ నిదానంగా చెప్పేదానివి నువ్వొక్కదానివే. మేమంతా అరిచేవాళ్లం. ఆయన నీకే జవాబిచ్చేవాడు. అక్కడి తల్లులతోనూ అలాగే కూర్చో.

వానల్లో గెడ్డలు పొంగుతాయి. ఒంటరిగా దాటకు, ఆశాను తోడు తీసుకెళ్లు. దోమతెర నేను పంపుతున్నాను, కొనకు.

మీ అత్తయ్య