ఉగాది నోటీసులో జువెనైల్స్ వద్దండి

మారతహళ్లిలో మీ అపార్ట్‌మెంట్ ఉగాది పోటీలకు 13 నుంచి 19 ఏళ్ల వాళ్లను పిలుస్తూ ఇంగ్లిష్‌లో నోటీసు రాయాలి, జువెనైల్స్ అనాలా, యూత్ అనాలా అని కదా అడిగారు. రెండూ వద్దు, టీనేజర్స్ అని రాసేయండి. థర్టీన్ నుంచి నైన్‌టీన్ దాకా చివర వచ్చే టీన్ నుంచే ఆ మాట పుట్టింది, కాబట్టి మీ వయసులకు అచ్చంగా సరిపోతుంది.

జువెనైల్‌కి నిఘంటువులో చిన్నవయసువారనే అర్థం ఉన్నా, వినగానే పోలీసులు, కోర్టు గుర్తొస్తాయి. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కూడా పేరులో ఆ మాట ఉంచుకుని, లోపల ఎక్కువగా చైల్డ్ అనే వాడింది.

యూత్ అంటే ఐక్యరాజ్యసమితి లెక్కలో 15–24 ఏళ్లు, మన 2014 జాతీయ యువజన విధానంలో 15–29. అలా రాస్తే మీ బ్లాకులో ఐటీ కుర్రాళ్లంతా ముగ్గుల పోటీకి దిగిపోతారు! పైగా ఇంగ్లిష్ వార్తల్లో 'ఎ యూత్' అంటే ఎక్కువగా మగపిల్లాడే.

అడాలసెంట్ అనేది డాక్టర్లు వాడే మాట. కిడ్స్ అంటే పదహారేళ్ల వాళ్లు అలుగుతారు. మైనర్స్ అంటే 18 నిండినవాళ్లు తప్పిపోతారు.

తల్లిదండ్రులకు రాసే వాక్యంలో మాత్రం 'యువర్ చిల్డ్రన్' అనొచ్చు. అక్కడ అది వయసును కాదు, బంధుత్వాన్ని చెబుతుంది.